వరద మరకలు చెప్పిన తేదీలు: ఒక తెలుగు మాస్టారి పుస్తకాల కేస్ స్టడీ

ఈ కేసులో చేతికొచ్చినవి ఇవి: రెండు వేలకు పైగా పుస్తకాలు, నాలుగు ట్రంకు పెట్టెల కాగితాలు, బిస్కెట్ డబ్బా నిండా ఉత్తరాలు, ఒక అట్టపెట్టె ఆడియో క్యాసెట్లు, ఎర్రగుడ్డలో చుట్టిన చిన్న తాటాకు కట్ట. అన్నీ కోనసీమలో గోదావరి పాయ గౌతమి గట్టు పక్కనున్న ఒక ఊళ్లో, పాత మండువా ఇంట్లో ఉన్నాయి. మూడు దశాబ్దాలకు పైగా డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పిన మాస్టారివి. నన్ను పిలిచేసరికి ఆయన పోయి నెల దాటింది. పాత పుస్తకాలు, కాగితాలు భద్రపరచడం నా వృత్తి. నేను ఆయన శిష్యుణ్ణి కూడా. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను, నా మాటల్లో ఎక్కడైనా అభిమానం ఎక్కువైందనిపిస్తే తగ్గించుకుని చదువుకోవచ్చు. కుటుంబం కోరినందువల్ల ఆయన పేరు, ఊరి పేరు రాయడం లేదు.

పిలిచినవాళ్లు ఒక్కరు కాదు, వాళ్ల కోరికలూ ఒకటి కాదు. పెద్దబ్బాయి హైదరాబాదులో ఉంటారు. పెంకులు దించి ఇల్లు బాగుచేయించాలి, ఆ లోగా చావిడి ఖాళీ చెయ్యాలి అన్నారు. పాత విద్యార్థులు సంవత్సరీకం నాటికి సంస్మరణ సంచిక వేయాలనుకున్నారు, దానికి ఫొటోలు, చేతిరాత నమూనాలు కావాలన్నారు. ఒక విద్యాసంస్థ పుస్తకాలన్నీ తీసుకుంటానంది, కానీ తమ దగ్గర లేనివి ఉంచుకుని ఉన్నవి ఎవరికైనా ఇచ్చేస్తామని షరతు పెట్టింది. అమ్మగారు మాత్రం, "అవి తడవకుండా ఉంటే చాలు నాయనా, ఆయన ప్రాణం వాటి మీదే ఉండేది" అన్నారు. మొత్తం పనిలో సరిగ్గా కుదిరిన ఆదేశం అదొక్కటే.

సంస్మరణ సంచికల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఇలాంటివి చాలా చూశాను. అందులో మాస్టార్లందరూ నిరాడంబరులే, అందరూ అజాతశత్రువులే, అందరూ శిష్యవాత్సల్యానికి మారుపేర్లే. పేరు మార్చేస్తే ఎవరి సంచిక ఎవరిదైనా అవుతుంది. మా మాస్టారి సంతాప సభలో జరిగిన ఒక తగవు మాత్రం నాకు పనికొచ్చింది. డెబ్బైల్లో చదువుకున్న ఒక పెద్దాయన లేచి, "ఆయన దగ్గర గణవిభజన రాకపోతే క్లాసులో కూర్చోనిచ్చేవారు కాదు" అన్నారు. తొంభైల బ్యాచ్ ఆవిడ ఒకరు, "మాకు ఆయన గణాల ఊసే ఎత్తలేదండి, పద్యం చదివించి కథ చెప్పేవారు" అన్నారు. తగ్గేది లేదన్నట్టు ఇద్దరూ చాలాసేపు వాదించుకున్నారు. కాఫీలొచ్చాక కూడా ఆగలేదు. ఆ ఇద్దరిలో ఎవరిది సరైన జ్ఞాపకమో తేల్చగల సాక్ష్యం ఇంట్లో ఉండొచ్చని అప్పుడే అనిపించింది. సాక్ష్యం ఉంటే అది పుస్తకాల అంచుల్లోనే ఉండాలి. ఆయన చేతిలో కలం లేకుండా చదవడం మేమెవ్వరం చూడలేదు.

ముందు ఏదీ కదపలేదు

ఇలాంటి ఇంట్లోకి అడుగు పెట్టగానే అందరూ చేసే పని దులపడం, సర్దడం. రెండూ ఆపించాను. ఎవరైనా పండితుడు ఏ పుస్తకం పక్కన ఏ పుస్తకం పెట్టుకున్నాడో అదే ఒక సమాచారం. లైబ్రరీ పద్ధతిలో అక్షరక్రమంలో పేర్చేస్తే అది పోతుంది, మళ్లీ తేలేము. అందుకని ప్రతి బీరువాకీ, గోడ గూటికీ, అటక మీద ప్రతి కట్టకీ ఒక గుర్తు ఇచ్చి, అర అరకీ ఫొటో తీసి, ఎడమ నుంచి కుడికి వరస నంబర్లు రాసుకున్నాం. నంబరు పుస్తకం మీద రాయలేదు, యాసిడ్ లేని కాగితపు చీటీ మీద పెన్సిల్‌తో రాసి లోపల పెట్టాం.

చావిడిలో ఆయన నేల మీద చాప వేసుకుని, వాలు డెస్కు ముందు కూర్చుని రాసేవారు. కూర్చున్నచోటు నుంచి చెయ్యి చాపితే అందే కింది రెండు అరల్లో కవిత్రయ భారతం, ఛందస్సు పుస్తకాలు, నిఘంటువులు. వాటికి పైన ప్రబంధాలు. నిలబడితే అందే ఎత్తులో ఆధునిక సాహిత్యం. చెల్లపిళ్ల వెంకటశాస్త్రి, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి పుస్తకాలు మాత్రం ఈ వరసలో లేవు, పడక గదిలో మంచం పక్క గూట్లో ఉన్నాయి. చెల్లపిళ్లది కడియం, శ్రీపాదది పొలమూరు. "మన వైపు వాళ్లని పడుకునే ముందు చదువుకోవాలిరా, పగలు చదివితే పని జరగదు" అని ఆయన అనేవారని నాకు గుర్తు. ఆ గూడు చూశాక ఆ మాట సరదాకి అన్నది కాదని తెలిసింది.

అప్పు పుస్తకం ఒకటి దొరికింది. రెండు రూళ్ల నోటుబుక్కు, ఎవరు ఏ పుస్తకం ఎప్పుడు తీసుకెళ్లారో, ఎప్పుడు తెచ్చిచ్చారో అందులో ఉంది. తేనివాళ్ల పేర్ల ఎదుట ఏమీ రాయలేదు, ఖాళీగా వదిలేశారు. ఆ ఖాళీలను పట్టుకుని ఫోన్లు చేస్తే కొన్ని పుస్తకాలు కొరియర్లో తిరిగొచ్చాయి. ఒకాయన అయితే కాకినాడ నుంచి స్వయంగా తెచ్చి, అమ్మగారి ముందు తల దించుకుని నిలబడ్డారు. ఆవిడ ముందు భోజనం పెట్టి, తర్వాత పుస్తకం తీసుకున్నారు.

పురుగు, బూజు, కలరా ఉండలు

ఇక్కడ పని చేసేవాళ్లకు తెలిసిన సంగతే, డెల్టాలో పుస్తకానికి మొదటి శత్రువు తేమ. గదిలో తేమ 65 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు పట్టడానికి వీలవుతుంది. వానాకాలంలో మండువా ఇంట్లో తేమ 80 దాటడం మామూలే, వాన నేరుగా ఇంటి నడుమే పడుతుంది మరి. అటక మీద కట్టల్లో చెదలు, అలమరాల్లో వెండి పురుగు, పాత బైండింగుల్లో గుండ్రంగా తొలిచే పుస్తకం పురుగు కనిపించాయి.

మాస్టారు తనకు తెలిసిన వైద్యం చేశారు, అంటే కలరా ఉండలు. అర అరకీ గుప్పెడు. అవి పురుగును కొంత దూరం పెడతాయేమో కానీ గుడ్లను చంపవు. మూసిన బీరువాలో ఆ వాసనతో పనిచేస్తే తలనొప్పి ఖాయం. పైగా క్యాసెట్ల పెట్టెలో కూడా వేశారు, ఆ ఉండలు తగిలినచోట ప్లాస్టిక్ డబ్బాలు మెత్తబడి అంటుకుపోయాయి. ముందు అవన్నీ ఏరించి బయటికి పంపాం.

పురుగు పట్టిన పుస్తకాలకు చలి వైద్యం చేశాం. ఒక్కొక్క పుస్తకాన్నీ మందపాటి పాలిథిన్ సంచిలో పెట్టి, గాలి తీసి, సీలు వేసి, మైనస్ 18 డిగ్రీలకు దిగువన రెండు వారాలు ఉంచితే పురుగూ గుడ్డూ రెండూ పోతాయి. మందులు అక్కర్లేదు. పెద్ద నగరాల్లో దీనికి ప్రత్యేకమైన ఫ్రీజర్లుంటాయి. మాకు భీమవరం వైపు రొయ్యల కోల్డ్ స్టోరేజీ ఉంది. అక్కడి మేనేజరు మాస్టారి శిష్యుడు కాదు, శిష్యుడి బావమరిది. "పుస్తకాలకు రొయ్యల వాసన పడితే నన్ననొద్దండోయ్" అన్నాడు కానీ ఒక మూల ర్యాకు ఇచ్చాడు. చించినాడ వంతెన మీదుగా వ్యాన్లో తీసుకెళ్లాం. సీలు సరిగ్గా ఉంటే ఏ వాసనా పట్టదు. జాగ్రత్తంతా బయటికి తీశాక ఉంటుంది. సంచి వెంటనే విప్పకూడదు. గది వేడికి వచ్చేదాకా, కనీసం ఒక రోజు, అలాగే వదిలేయాలి. లేకపోతే చల్లటి కాగితం మీద గాలిలో తేమ నీరుగా చేరుతుంది. క్యాసెట్లనూ తాటాకులనూ ఈ పద్ధతిలో పెట్టలేదు.

బూజు పట్టినవాటిని నీడలో, గాలి ఆడేచోట, మాస్కు పెట్టుకుని మెత్తటి బ్రష్షుతో దులిపాం. ఊళ్లో పెద్దవాళ్లు ఎండలో ఆరబెట్టమన్నారు. తాతల నాటి అలవాటే అది, కానీ యాసిడ్ పట్టిన పాత ముద్రణ కాగితాన్ని ఎండ ఇంకా పెళుసు చేస్తుంది. ఊడిన పుటలను గోధుమ గంజితో, సన్నటి జపాను కాగితంతో అతికాం. స్థానిక బైండరు గంజిలో మైలుతుత్తం కలపబోతే వద్దన్నాను. పురుగు రాకుండా కలుపుతారు, కానీ అందులోని రాగి కాలక్రమేణా కాగితాన్ని తినేస్తుంది. ఆయనకు కోపమొచ్చింది. అయినా దారం కుట్టు ఆయన వేసినంత బాగా నేను వేయలేను, ఆ పని ఆయనకే ఇచ్చాను.

తాటాకు కట్ట గురించి చెప్పడానికి ఎక్కువేం లేదు. జ్యోతిషం లెక్కలు, అసంపూర్ణం. నిమ్మగడ్డి నూనెతో శుభ్రం చేసి, రాత మీద మసి మళ్లీ పట్టించి, కొత్త గుడ్డలో వస కొమ్ముతో చుట్టి పెట్టాం.

అంచుల్లో రాతలు

అసలు పని ఇది. అంచుల్లో రాతలు చాలా పుస్తకాల్లో ఉంటాయి. కానీ ఒకే పుస్తకంలో ఒకే పుట మీద ముప్పై ఏళ్ల రాతలు పొరలు పొరలుగా ఉండి, వాటిలో ఏది ముందు ఏది వెనక అని తేల్చగలగడం నాకు ఇదే మొదలు. దానికి దారి చూపింది గోదావరే.

1986 ఆగస్టు వరద ఇక్కడివాళ్లకు ఎవరికీ చెప్పనక్కర్లేదు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇప్పుడు 17.75 అడుగులకు మూడో ప్రమాద హెచ్చరిక ఇస్తేనే నది మధ్య లంకల్లో వాళ్లు సామాను సర్దుకుంటారు, ఆ ఏడు వచ్చిన నీళ్లకు చాలాచోట్ల గట్లే ఆగలేదు. మాస్టారి చావిడిలోకి మోకాలి లోతు నీళ్లొచ్చాయి. పిల్లల్ని, ధాన్యాన్ని, ఆవుని చూసుకునేసరికి కింది అరలు తడిసిపోయాయి. చెయ్యి చాపితే అందే అరలు కాబట్టి తడిసినవన్నీ ఆయన ఎక్కువ వాడిన పుస్తకాలే. నీటి మట్టం నిలిచినచోట ప్రతి పుటకూ అడ్డంగా లేత గోధుమ రంగు గీత ఉంది. పదేళ్ల తర్వాత 1996 నవంబరు తుఫానులో పెంకులు లేచిపోయి పైనుంచి తడిశాయి. ఈ రెండో మరక పుట పైభాగంలో ఉంటుంది, అంచు ఇంకా ముదురు.

ఈ రెండు మరకలూ తేదీలయ్యాయి. మాస్టారు మొదట్లో బ్రిల్ నీలి సిరా వాడేవారు. అది నీళ్లలో కరిగిపోయే సిరా. వరద గీతకు దిగువన నీలి అక్షరాలు చెదిరి మబ్బులా పరుచుకున్నాయి. చెదిరిందంటే ఆ రాత 1986 ఆగస్టుకు ముందుది. మరక మీద చెక్కుచెదరకుండా ఉన్న సిరా రాత వరద తర్వాతిది. వరద తర్వాత ఆయన సిరా కలం దాదాపు మానేశారు. ఎర్ర బాల్‌పెన్, ఆ తర్వాత పెన్సిల్. పెన్సిల్ గ్రాఫైటు నీళ్లకు కదలదు. ఎవరూ చెప్పకుండానే ఆయనకది అర్థమైనట్టుంది. ఇక తుఫాను మరక మీదుగా రాసినవి 1996 తర్వాతివి. అవన్నీ పెన్సిలే, అక్షరాలు పెద్దవి, చివరివి కొంచెం వణికినవి.

కాబట్టి రాతల్ని నాలుగు పొరలుగా గుర్తించాం: వరదకు ముందు, వరద నుంచి తుఫాను దాకా, తుఫాను తర్వాత, తేల్చలేనివి. తడవని పుస్తకాల్లో ఈ పద్ధతి పనిచేయదు. అక్కడ కలాన్ని బట్టి, చేతిరాతను బట్టి ఊహించామే తప్ప ఖాయంగా రాయలేదు. చెదిరిన నీలి రాతల ఫొటోలను కంప్యూటర్లో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల కింద విడదీసి చూస్తే కొన్ని అక్షరాలు మళ్లీ కనిపించాయి. అన్నీ కాదు.

స్కానింగు విషయంలో ఒక్క మాట. అంచు రాతలున్న పుస్తకాన్ని ఎప్పుడూ నలుపు తెలుపులో స్కాన్ చేయకండి. ఫైలు చిన్నదవుతుందని చాలామంది అలా చేస్తారు, దాంతో లేత పెన్సిల్ రాత మాయమైపోతుంది. పూర్తి రంగులో, 400 డీపీఐకి తగ్గకుండా తీశాం. బండి ఱ, అరసున్న లాంటివి టైపు చేసేటప్పుడు 'సరిచేయడం' కూడా మానిపించాను. టైపు చేసిన కుర్రాడు చాలా మంచివాడు, కానీ చేతికి అలవాటైన తెలుగు వేరు.

ఒక్క పాఠం

అంచు రాతలన్నీ ఇక్కడ చెప్పలేను. ఒక్క పుట చెబుతాను. వావిళ్ల వారి ముద్రణ భారతం, అరణ్యపర్వం, నాలుగో ఆశ్వాసం. నన్నయ ఆగి, ఎఱ్ఱన అందుకున్న చోటు.

సంగతి తెలిసిందే. నన్నయ రాజమహేంద్రవరంలో రాజరాజనరేంద్రుడి కోసం భారతం మొదలుపెట్టి, ఆది, సభాపర్వాలు పూర్తిచేసి, అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయాడు. పదమూడో శతాబ్దంలో తిక్కన ఆ మిగిలిన భాగాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం నుంచి అందుకుని చివరిదాకా రాశాడు. ఆ ఖాళీని పద్నాలుగో శతాబ్దంలో ఎఱ్ఱన పూరించాడు. నన్నయ చివరి పద్యంగా చెప్పేది శరదృతువు రాత్రుల వర్ణన. చుక్కలు, వెన్నెల, కలువల వాసన. ఎఱ్ఱన అదే శరత్తును తీసుకుని పగటిని వర్ణిస్తూ మొదలుపెట్టాడు. ఎండ, తామరలు, హంసల కూతలు.

ఈ పుట చివర మూలలు వేళ్లు తగిలి తగిలి నల్లబడ్డాయి. ఆ పుస్తకంలో ఇంతగా నలిగిన పుట మరొకటి లేదు.

మొదటి పొర, చెదిరిన నీలం. రెండు పద్యాలకూ గురులఘువుల గుర్తులు పూర్తిగా వేసి ఉన్నాయి. నన్నయది ఉత్పలమాల, ఎఱ్ఱనది చంపకమాల. పక్కన ఒక చిన్న లెక్క ఉంది: ఉత్పలమాల మొదటి గురువును రెండు లఘువులుగా విడగొడితే వచ్చేది చంపకమాలే, మిగతా నడకంతా ఒకటే. ఇరవై అక్షరాలు ఇరవై ఒకటి అవుతాయి, యతి పదో అక్షరం నుంచి పదకొండుకు జరుగుతుంది. భ ర న భ భ ర వ, న జ భ జ జ జ ర అని గణాలుగా బట్టీపట్టినవాళ్లకు రెండూ వేర్వేరు వృత్తాల్లా కనిపిస్తాయి. గుర్తులు వేసి ఒకదాని కింద ఒకటి పెడితేనే ఈ సంగతి తెలుస్తుంది. ఎఱ్ఱన వేరే పాట ఎత్తుకోలేదు, మొదటి అడుగు మాత్రం కొంచెం తేలిక చేసుకుని అదే నడకలో నడిచాడు. సంతాప సభలో గణవిభజన గురించి మాట్లాడిన పెద్దాయన చెప్పిన మాస్టారు ఇక్కడున్నారు.

రెండో పొర, మరక మీద ఎర్ర బాల్‌పెన్. ఇక్కడ ఛందస్సు లేదు. ఎఱ్ఱన తనకు ఆశ్రయమిచ్చిన ప్రోలయ వేమారెడ్డి ఉండగా, ఈ భాగాన్ని తనకంటే దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి రాజరాజనరేంద్రుడి పేరు మీదే అంకితంగా ఎందుకు ఉంచాడని ప్రశ్న. దాని కింద మూడు జవాబులు రాసి, రెండు కొట్టేశారు. మిగిలిన జవాబు ఇది: మొదలుపెట్టినవాడి పని పూర్తి చేస్తున్నప్పుడు ఆ పని మీద మన సంతకం అక్కర్లేదు. అరణ్యపర్వాన్ని ముట్టుకుంటే అరిష్టమని తిక్కన వదిలేశాడనే కథ పక్కన పెద్ద ప్రశ్నార్థకం పెట్టి, కింద గీత గీశారు. ఈ పొరలోనే పుట దిగువన పాలు, కొబ్బరి పీచు, బస్తా సిమెంటు అని ఇంటి ఖర్చు లెక్క కూడా ఉంది. వరద తర్వాత అరుగు కట్టించినప్పటిది అయ్యుంటుంది. కేటలాగులో దాన్నీ రాశాం.

మూడో పొర పెన్సిల్. రెండు పద్యాల మధ్య చిన్న అడ్డగీత. "చెప్పొద్దు. చదివించు." అంతే.

దీని అర్థం క్యాసెట్లో దొరికింది. క్యాసెట్లు చాలావరకు బాగానే ఉన్నాయి. కొన్నింట్లో టేపును హెడ్‌కు ఆనించి పట్టే స్పాంజి ముక్క ఊడిపోయింది. అది మార్చి, ప్రతి క్యాసెట్టుకూ హెడ్ వంపు సరిచూసుకుని, 24 బిట్ నాణ్యతలో రికార్డు చేశాం. లేబుల్ లేని ఒక క్యాసెట్లో ఈ పాఠం ఉంది. వెనక వాన చప్పుడు, ఒకసారి పీరియడ్ బెల్లు. మాస్టారు ముందు ఏమీ చెప్పలేదు. ఒకమ్మాయితో రెండు పద్యాలూ వెంటవెంటనే చదివించారు. మళ్లీ చదివించారు. తర్వాత, "వీటిల్లో ఒకచోట రాసేవాడు మారాడు. ఎక్కడో చెప్పండి" అని అడిగారు. క్లాసంతా తలా ఒక చోటు చెబుతున్నారు, నవ్వుకుంటున్నారు. చివరిదాకా ఆయన జవాబు చెప్పలేదు. ఆ పీరియడ్ అలాగే అయిపోయింది.

అదే పాఠానికి మూడు బ్యాచ్‌ల నోటుబుక్కులు తెప్పించాం. డెబ్బైల నోటుబుక్కులో గణాల పట్టిక ఉంది. ఎనభైల చివరి దాంట్లో ప్రోలయ వేమారెడ్డి, అంకితం గురించిన చర్చ ఉంది. తొంభైల చివరిదాంట్లో రెండు పద్యాలు, వాటి కింద ఖాళీ. ఆ నోటుబుక్కు సొంతదారు ఇప్పుడు స్కూల్లో తెలుగు చెబుతున్నారు. ఖాళీ ఎందుకని అడిగితే, "సార్ చెప్పలేదండి, మేమే కనుక్కోవాలన్నారు. ఇప్పుడు నా పిల్లల్నీ నేనలాగే వదిలేస్తున్నాను" అన్నారు.

సంతాప సభలో తగవు పడ్డవాళ్లిద్దరికీ ఈ పుట రంగు ప్రింటు, పొరలవారీగా విడదీసిన మూడు ప్రింట్లు, క్యాసెట్ ఫైలు పంపాను. ఇద్దరూ సరిగ్గానే గుర్తుపెట్టుకున్నారు, మనిషి మాత్రం పాఠాన్ని మార్చుకుంటూ వెళ్లాడు. పెద్దాయన ఫోన్ చేసి, "అయితే మాకు చెప్పిన పాఠం ఆయనకే నచ్చలేదన్నమాట" అన్నారు కాస్త బాధగా. నాకలా అనిపించలేదు. చివరిదాకా ఆ మొదటి గురులఘువుల గుర్తుల్ని ఆయన ఎక్కడా చెరపలేదు, కొట్టేయలేదు. రబ్బరు ఆ డెస్కు మీదే ఉండేది.

ఉత్తరాలు, హక్కులు

బిస్కెట్ డబ్బాలో ఉత్తరాల గురించి పాత విద్యార్థులకు ఉత్సాహం ఎక్కువ, ఎందుకంటే కొందరు పేరున్న కవుల ఉత్తరాలున్నాయి. సంచికలో అచ్చువేస్తామన్నారు. ఇక్కడ చట్టం తెలుసుకోవాలి. ఉత్తరం కాగితం అందుకున్నవారిది, అందులోని రాత మీద హక్కు రాసినవారిది, వారి తర్వాత వారి వారసులది. మామూలుగా మన దేశంలో ఆ హక్కు రచయిత పోయిన తర్వాత 60 ఏళ్ల దాకా ఉంటుంది. బతికుండగా అచ్చుకాని రాతలైతే ఆ 60 ఏళ్లు అచ్చయినప్పటి నుంచి మొదలవుతాయి. కాబట్టి మాస్టారికొచ్చిన ఉత్తరాన్ని దాచుకోవచ్చు, స్కాన్ చేసుకోవచ్చు, వారసుల అనుమతి లేకుండా అచ్చువేయకూడదు. ఆయన రాసిన అంచు రాతల మీద హక్కు అమ్మగారిది, పిల్లలది. వాళ్ల అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాం. కవుల వారసుల్లో కొందరు అనుమతిచ్చారు. మిగతావి డబ్బాలోనే ఉన్నాయి.

డైరీలు కూడా ఉన్నాయి. అవి చూడలేదు. అమ్మగారు చూడొద్దన్నారు, అక్కడితో ఆ మాట అయిపోయింది.

ఇప్పుడున్న స్థితి

సంవత్సరీకానికి సంచిక బదులు చిన్న పుస్తకం తెచ్చాం. అందులో అరణ్యపర్వం పుట నాలుగు ముద్రల్లో ఉంది, క్యాసెట్ పాఠం ఉన్నదున్నట్టు రాసి ఉంది, నోటుబుక్కుల పేజీలున్నాయి. ప్రశంస వ్యాసాలు ఒక్కటీ లేవు. పాత విద్యార్థుల్లో కొందరికి కష్టంగా అనిపించింది, ముఖ్యంగా వ్యాసం ముందే రాసిపెట్టుకున్నవాళ్లకి. వాళ్ల వ్యాసాలూ టైపు చేసి పెట్టె నంబరు ఇచ్చి దాచాం. ఎప్పటికైనా పనికొస్తాయి.

పుస్తకాలు ఆ విద్యాసంస్థకు ఇవ్వలేదు. ఉన్నవి తీసేసి లేనివి ఉంచుకునే పద్ధతిలో ముందు పోయేవి ఇలాంటి అంచు రాతల ప్రతులే, ఎందుకంటే ఆ భారతం వాళ్ల దగ్గర శుభ్రమైన ప్రతి ఉంటుంది. ఇంకోచోట ఒక పెద్ద పండితుడి పుస్తకాలకు ఇదే జరగడం చూశాను, ఆయన సంతకంతో ఉన్న నిఘంటువు ఫుట్‌పాత్ మీద దొరికింది. పెద్దబ్బాయి ఇల్లు బాగుచేయించేటప్పుడు చావిడి నేలను రెండడుగులు ఎత్తు చేయించి, ఒక గది పుస్తకాలకు వదిలారు. గదిలో తేమ మీటరు, డీహ్యూమిడిఫైయరు ఉన్నాయి. కరెంటు పోతే ఏం చెయ్యాలో గోడ మీద రాసి అతికించాం. బీరువాల అడుగు అర ఖాళీగా ఉంచాం, వరద మళ్లీ రాదన్న భరోసా ఇక్కడ ఎవరికీ లేదు. 2022 జులైలో లంకలు మునగడం అందరం చూశాం.

అరల వరస మాస్టారు పెట్టుకున్నదే. కొత్తగా వచ్చే పరిశోధకులకు మొదట చిరాగ్గా ఉంటుంది, కేటలాగులో వెతికితే నంబరు దొరుకుతుంది కాబట్టి సర్దుకుంటారు.

మిగిలిన పని ఒకటే పెద్దది. 1980 నుంచి 86 వరకు చదువుకున్నవాళ్ల నోటుబుక్కులు ఒక్కటీ దొరకలేదు. ఆ ఏళ్ల నీలి రాతలే ఎక్కువ చెదిరాయి కాబట్టి ఆ నోటుబుక్కులుంటేనే అక్కడ ఏం చెప్పారో తేలుతుంది. ఆ బ్యాచ్‌ల వాళ్లెవరి దగ్గరైనా ఉంటే ఫోన్‌తో ఫొటోలు తీసి పంపొద్దు, పెన్సిల్ రాత పడదు. పుస్తకమే తెండి. స్కాన్ చేసి అదే రోజు ఇచ్చేస్తాం, రసీదు రాసిస్తాం, భోజనం సంగతి అమ్మగారు చూసుకుంటారు.